అమావాస్య నాడు ఆగని మోటారు

"స్విచ్చి ఆపి రా."

"ఆపను."

"ఆపకుండానే ఇంటికి తాళం వేస్తావా?"

"వేస్తాను. పన్నెండింటికి అదే తిరుగుతుంది, ఒంటిగంటకి అదే ఆగుతుంది. మనం వచ్చేసరికి తొట్టి నిండుగా ఉంటుంది. మధ్యలో మీకొచ్చిన కష్టమేమిటి?"

"ఇంట్లో మనిషి లేకుండా మోటారు తిరగడమేమిటే?"

"మనిషెందుకండీ, పెట్టె ఉందిగా!"

"పెట్టె మనిషా?"

"మనిషికంటే నయం. వేళకి పని చేస్తుంది. భోజనానికి పిలిస్తే అరగంట పోయాక రాదు."

ఆ చివరి మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. మా ఆయన చెప్పులేసుకుని అరుగు దిగారు. నేను తలుపు లాగి, తాళం వేసి, ఒకటికి మూడుసార్లు గుంజి చూసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

అలా గుంజి చూశానా, అక్కడితో నా తెలివితేటలు సరి. మబ్బు లేకుండా, చినుకు లేకుండా, మిరపకాయలు ఎండే కాలంలో పక్కింటి పెరట్లోకి వరద తెప్పించిన ఆడదాన్ని నేను. కృష్ణకి వరదొస్తే ముందుగా దండోరా అయినా వేయిస్తారు. నా వరదకి అదీ లేదు. మీరు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ నవ్వే ముందు మీ ఇంట్లో ఏ స్విచ్చి వేసి ఉందో ఒకసారి చూసుకొచ్చి నవ్వండి.

ముందు ఆ పెట్టె సంగతి చెప్పాలి. లేకపోతే తప్పంతా దానిదే అనుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకుంటూ వచ్చాను.

మాది అద్దంకి రోడ్డు మీద ఊరు. నల్లరేగడి, పత్తి, మిరప. ఇది పంతొమ్మిది వందల అరవైల్లో మాట, నాకప్పటికి ముప్పై నిండలేదు. ఊరి మొదట్లో పత్తి మిల్లు ఉండేది. ఊళ్ళోకి వచ్చే కరెంటంతా ముందు ఆ మిల్లు కడుపు నింపి, తర్వాత మా ఇళ్ళకి వచ్చేది. కూలీల బంతి లేచాక అడుగున మిగిలిన చారు వచ్చినట్టన్నమాట. మిల్లు జోరుగా తిరుగుతున్నప్పుడు మా వరండా బల్బు పండుమిరపకాయలా ఎర్రగా ఉండేది. ఎరుపే, వెలుగు లేదు.

పత్తి కాలంలో ఆ మిల్లు రాత్రింబవళ్ళు తిరిగేది. పన్నెండింటికి భోజనాల కూత, ఒంటిగంటకి మళ్ళీ పనిలోకి రమ్మని కూత. ఆ గంటసేపే దానికి ఊపిరి.

కరెంటు కంపెనీకి కొత్తగా ఒక ఇంజనీరు వచ్చాడు. సీమకి, అంటే ఇంగ్లండుకి, వెళ్ళి చదువుకొచ్చినవాడు. పెళ్ళి కాలేదు, అందుకే కరెంటు గురించి అంత తీరిగ్గా ఆలోచించగలిగాడు. ఊళ్ళో నీళ్ళ మోటార్లున్న పన్నెండు ఇళ్ళు ఏరి, ఇంటింటికీ తిరిగాడు. మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో ఇంగువ డబ్బా అంత పెట్టె ఉంది.

"మిల్లు ఆగినప్పుడు కరెంటు మిగిలిపోతోంది అమ్మగారూ. ఆ వేళలో మీ మోటారు తిప్పుకుంటే ధర సగమే."

ఆయన ఇంకా చాలా చెప్పాడట. నాకు వినపడలేదు. 'సగమే' అన్న మాట చెవిలో పడ్డాక దాని వెనక ఇంకో మాట పట్టేంత చోటు నా చెవిలో లేదు. ఇప్పటికీ లేదు.

మా ఆయన అడిగారు. "మిల్లు ఆగిందో లేదో మేమెక్కడ కనిపెట్టుకుని ఉంటామండీ?"

"మీరు కనిపెట్టక్కర్లేదండి. మేము మా స్టేషన్‌లోంచి కరెంటు తీగ మీదే ఒక కబురు పంపుతాం. ఆ కబురు అందగానే ఈ పెట్టెలో స్విచ్చి పడుతుంది, మోటారు తిరుగుతుంది. చాలు అనుకున్నప్పుడు ఇంకో కబురు పంపుతాం, ఆగుతుంది."

గుమ్మంలో కూర్చున్న మా అత్తయ్య కళ్ళజోడు సర్దుకున్నారు. "తీగ మీద కబురా? టెలిగ్రామా నాయనా?"

"అలాంటిదేనండి మామ్మగారూ. కరెంటుతో కలిసే వస్తుంది. బల్బుకి తెలియదు, ఫ్యానుకి తెలియదు, ఈ పెట్టెకి ఒక్కదానికే తెలుస్తుంది."

ఆయన చదువంతా సీమలో అయితే నా చదువు నాలుగో తరగతి. అయినా ఆ ముక్క నాకు ఇట్టే అర్థమైంది. పెళ్ళిపందిట్లో మేళం మోగుతున్నా, వందమంది మాట్లాడుతున్నా, అత్తగారి దగ్గు కోడలికి ఒక్కదానికే వినపడుతుంది చూడండి, అదీ సంగతి. ఈ పెట్టె కంపెనీవారి కోడలన్నమాట.

ఆ మాట పైకే అన్నాను. మా అత్తయ్య నా వంక చూసి దగ్గారు. నేను లేచి వెళ్ళి కాఫీ తెచ్చాను.

"కానీ ఒక్కటి గుర్తుంచుకోండి," అని ఇంజనీరు గ్లాసు పుచ్చుకుంటూ అన్నాడట. "మోటారుకి మీ స్విచ్చి మీకుంటుంది. తొట్టి నిండగానే అది మీరే ఆపుకోవాలి. పెట్టె మా మిల్లు లెక్క చూస్తుంది గానీ మీ తొట్టి లెక్క చూడదు." ఈ మాట నాలుగుసార్లు చెప్పాడని మా ఆయన అంటారు. మూడుసార్లే అని నా నమ్మకం.

పెట్టె బిగించారు. మర్నాడు పన్నెండింటికి మిల్లు కూసింది. పెట్టె 'టక్కు'మంది. మోటారు తిరిగింది. ఒంటిగంటకి మళ్ళీ కూత, మళ్ళీ 'టక్కు', మోటారు ఆగింది. వెళ్ళి చూద్దును గదా, తొట్టిలో నీళ్ళు అంచుకి సరిగ్గా రెండు వేళ్ళ కింద! కొలిచి పోసినట్టు! మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నాలుగోరోజు నుంచి నేను స్విచ్చి ముట్టుకోవడం మానేశాను. వేసిన స్విచ్చి వేసినట్టే ఉండేది. తక్కిన పదకొండు ఇళ్ళవాళ్ళూ తొట్టి దగ్గర కాపలా కూర్చుని, నిండగానే పరిగెత్తుకెళ్ళి ఆపేవాళ్ళు. వాళ్ళని చూస్తే నాకు జాలేసేది. చేతిలో గడియారం పెట్టుకుని నీడ కొలుచుకునే మనుషులు!

ఇరవై రోజులు ఒకే పని ఒకే వేళకి చేసేదాన్ని గడియారమంటారు గానీ ఇంకేమంటారు చెప్పండి? అది మిల్లుని బట్టి తిరుగుతోందని నేను మర్చేపోయాను. పన్నెండు, ఒకటి. అంతే నాకు గుర్తు.

పక్కింటి నాగరత్నం వదిన పెరడు మా పెరడుకి మోకాలెత్తు పల్లం. నడుమ మట్టిగోడ. మా తొట్టికి పొర్లు తూము ఆ గోడవైపే ఉంది. ఇటువైపు పెట్టిస్తే నా తోటకూర మడి కుళ్ళిపోతుందని నేనే అటు పెట్టించాను. తొట్టి ఎన్నడూ పొర్లేది కాదు గనక ఆ తూము సంగతి ఎవరికీ పట్టలేదు.

నాగరత్నం వదిన భర్త పక్షవాతం వచ్చి మంచాన పడి రెండేళ్ళు. చేను కౌలుకి ఇవ్వకుండా తనే దగ్గరుండి చేయించేది. ఆ యేడు ఆవిడ చేతికొచ్చింది పన్నెండు బస్తాల మిరపకాయ. ఆయన మందులైనా, వాళ్ళ నోట్లోకి నాలుగు వేళ్ళైనా సంవత్సరం పొడుగునా అందులోంచే. కళ్ళం ఊరికి దూరం, మంచానున్న మనిషిని వదిలి అంతదూరం కాపలాకి పోలేదని పెరట్లోనే పేడతో అలికి ఎండబోసుకోవాలనుకుంది. పొయ్యబోయే ముందు గోడ మీంచి అడిగింది.

"వదినా, మీ తొట్టి పొర్లదు గదా?"

"ఛ, పొర్లడమేమిటి! మా పెట్టె ఒంటిగంటకి ఠంచనుగా ఆపేస్తుంది. నువ్వు గోడవారగా పోసుకో, అక్కడే ఎండ బాగా పడుతుంది."

గోడవారగా పోసుకోమని నేనే చెప్పాను. ఇది గుర్తుపెట్టుకోండి, నాగరత్నం వదిన నన్ను ఇప్పటికీ మర్చిపోనివ్వలేదు.

ఇక ఆ అమావాస్య. ప్రత్తిపాడులో మా చెల్లెలు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. చూసి రావాలి.

"అమావాస్య నాడు ప్రయాణమేమిటే?" అన్నారు అత్తయ్య.

"ఈ రోజైతే బస్సు ఖాళీగా ఉంటుంది అత్తయ్యా. మీరు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. జంతికల బుట్టకి విడిగా టిక్కెట్టు కొట్టమని కండక్టరు పేచీ పెట్టడు."

అమావాస్యకి అందరూ భయపడతారు, అందుకే ఆ రోజు బస్సు నాది. అంత లెక్క వేశాను. మా వైపు అమావాస్య నాడు అరక కట్టరు, బండి కట్టరు, తాపీ పట్టరు, మిల్లు కూడా ఒంటిపూటే అన్న సంగతి చిన్నప్పటినుంచీ ఎరుగుదును. అయినా అది బస్సుకి పనికొచ్చినంతగా మోటారుకి పనికిరాలేదు. మిల్లుకి ఆదివారాలు లేవు, అమావాస్య మధ్యాహ్నమే సెలవు. పన్నెండింటికి కూసి ఆగుతుంది, మర్నాడు పొద్దున్నే మళ్ళీ కూస్తుంది. పెట్టె వచ్చాక అదే మొదటి అమావాస్య.

అప్పుడు గుమ్మం దగ్గర మా ఆయనకీ నాకూ జరిగిన ముచ్చట మీరు విన్నారు.

తర్వాత జరిగింది ఊరంతా చూసింది, మేము తప్ప. పన్నెండింటికి మోటారు తిరిగింది. ఒంటిగంటకి ఆగలేదు. ఎందుకాగుతుంది? మిల్లు ఆగి ఉంది, కరెంటు మిగిలి ఉంది, కంపెనీ వద్దనలేదు. ఎండాకాలంలోనూ ఎండని బావి మాది. తొట్టి నిండింది, తూము పారింది, గోడవారగా పోసిన కాయల్లోకి నీళ్ళు చల్లగా నడిచి వెళ్ళాయి. నాగరత్నం వదిన భర్తకి జావ పట్టి, అక్కడే ఓ కునుకు తీసింది. లేచి చూసేసరికి ఎర్రటి కాయలు తేలుతున్నాయట, బతుకమ్మల్లా కాదు, చచ్చిన రొయ్యల్లా.

ఆవిడ అరుపుకి వీధి వీధంతా వచ్చింది. ఆరు బస్తాల కాయ చేటల్తో, దుప్పట్లతో వరండాలోకి ఎత్తగలిగారు. ఆరు తడిసిపోయాయి. మోటారు ఆపుదామంటే మా ఇంటికి తాళం. అది మామూలు తాళం కాదు, గునపంతో కొట్టినా గీత పడని తాళం, ఏరి ఏరి నేనే కొన్నది. గోడ దూకుదామంటే పైన గాజుపెంకులు. అవీ నేను పాతించినవే. దొంగలెవరూ రాకుండా కట్టుదిట్టం చేసుకున్నాను, చివరికి నన్ను కాపాడేవాళ్ళు కూడా రాలేకపోయారు. లైన్‌మాన్ ఇంటికి మనిషిని పంపితే, "పైవాళ్ళ ఆర్డరు లేందే స్తంభం ఎక్కను. పైగా అమావాస్య," అన్నాడట.

మేము దీపాలవేళకి బస్సు దిగాం. వీధి మొగలోకి వచ్చేసరికి కాలి కింద జిగటగా తగిలింది. రేగడి బురద సంగతి తెలిసిందే కదా, ఒక్క అడుగు వేస్తే చెప్పుకి ఇంకో చెప్పు తొడుగుతుంది. మా ఆయన పంచె ఎత్తి పట్టుకున్నారు.

"వాన పడిందా?"

"ఆకాశం చూస్తే అలా లేదే," అన్నాను. అని ఊరుకోవచ్చుగా? ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు, ఆ ఉత్తమం నాకు ఆ రోజు రాసిపెట్టి లేదు. గొంతు పెంచాను. "ఎవరో గానీ బుద్ధిలేని మనుషులు! నీళ్ళు ఇలా వీధి పాలు చేస్తారా? నీళ్ళ విలువ తెలిసినవాళ్ళు చేసే పనేనా ఇది? ఆ ఇంటి ఇల్లాలు ఏం చేస్తోందో!"

వీధి పొడుగునా అరుగుల మీద జనం. అందరూ నన్నే చూస్తున్నారు. నా మాటలకి మెచ్చుకుంటున్నారనుకున్నాను. ఇంకో నాలుగు కలిపాను. "మా ఇంట్లో చుక్క బయటికి పోదు! నేర్చుకోమనండి!"

"ఏమే," అన్నారు మా ఆయన మెల్లిగా. "మనింట్లో ఏదో మూలుగుతోంది."

పరిగెత్తాను. ఆ బురదలో పరుగంటే ఒక కాలు ముందుకి, ఒక చెప్పు వెనక్కి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. తొక్కినవాళ్ళ గురించే అన్నారు గానీ, ఆ అడుసు పొద్దుట స్వయంగా కలిపి పెట్టి వెళ్ళి సాయంత్రం వచ్చి తొక్కినవాళ్ళ గురించి ఏమీ చెప్పలేదు. బొడ్లో తాళంచెవి చేతికి రాదు, వచ్చాక తాళంలో పట్టదు. తలుపు తోసి, పెరట్లోకి దూకి, మోటారు స్విచ్చి మీద చెయ్యి వెయ్యబోయాను.

'టక్కు.'

వీధి దీపాలు వేసే వేళయింది గనక కంపెనీ ఆపమని కబురు పంపింది. పెట్టె విన్నది. మోటారు ఆగింది. నా చెయ్యి గాల్లోనే ఉంది.

వెనక నుంచి మా ఆయన గొంతు. "ఆగింది. నువ్వు చెప్పినట్టే, మనిషి అక్కర్లేకుండా."

ఆ తర్వాత వారం రోజులు ఆయన భోజనానికి పిలవగానే వచ్చి పీట మీద కూర్చున్నారు. అది నన్ను సాధించడానికేనని నాకు తెలుసు.

నాగరత్నం వదిన మా అరుగు ముందు చేట పట్టుకుని నిలబడి ఉంది. చేటలో తడికాయలు. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరవొచ్చు, ఆ విద్య నాకు బాగా వచ్చు. అరవలేదు.

"పొర్లదన్నావు వదినా."

"పెట్టె ఆపాలి వదినా, ఇరవై రోజులనుంచీ ఆపుతూనే ఉంది, ఈ రోజే..."

"పెట్టె నాకు మాటివ్వలేదు. నువ్విచ్చావు."

"రేపు ఎండేద్దాం. ఆరిపోతాయి."

"ఆరతాయి. తెల్లగా ఆరతాయి. తాలు కాయని షావుకారు కాలితో కూడా తన్నడు. రేప్పొద్దున గుంటూరు యార్డుకి బండి మాట్లాడుకున్నాను. ఆరు బస్తాలతో ఏం మొహం పెట్టుకుని పోను? ఆయన మందులు సగం నెలే మింగమని చెప్పనా?"

మా నడింట్లో బస్తాలు పేర్చి ఉన్నాయి. సంక్రాంతి ముందు కోసిన మొదటి కోత, మంచి ధర వస్తుందని మా ఆయన ఎంత చెప్పినా అమ్మనివ్వకుండా పట్టుకుని కూర్చున్న కాయ. వాటి వంక చూశాను. మా అత్తయ్య నా వంక చూశారు. ఈసారి దగ్గలేదు. దగ్గినా బాగుండేది.

"మా నడింట్లోవి ఆరు బస్తాలు నీ బండికెక్కించుకో వదినా," అన్నాను. "తడికాయ మా పెరట్లో పోసెయ్యి." అంటుంటే ఎవరో పన్ను పీకుతున్నట్టే ఉంది. అదీ దవడ పన్ను.

నాగరత్నం వదిన ఒక బస్తా మూతి విప్పి, గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించి చూసింది. గలగలమన్నాయి. విరిచి చూసింది. గింజ చూసింది. తలూపింది. బస్తా మూతి కడుతూ, "కాయ బాగానే ఎండింది. నా కాయంత ఎరుపు మాత్రం లేదు వదినా," అంది.

అంది! ఆ రోజు కూడా ఆ మాట అంది! నేను పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను. నా జన్మలో నేను నోరు మూసుకున్న సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, బొటనవేలు అదే.

కాళ్ళు కడుక్కుని దేవుడి దగ్గర దీపం పెట్టాను. ఇంటిల్లిపాదినీ పిలిచి నిలబెట్టి, లెంపలేసుకుని, పైకే ప్రమాణం చేశాను. "నా చేత్తో వేసిన స్విచ్చి నా చేత్తోనే ఆపుతాను. ఆపకుండా గడప దాటితే నేను పెట్టిన ఆవకాయ ఏడాది తిరక్కుండా బూజు పట్టుగాక. ఇకమీదట ఎవరైనా 'సగం ధర' అంటే, మిగతా సగం మాట కూడా విన్నాకే తలూపుతాను."

"మొదటిది నమ్ముతాను," అన్నారు మా ఆయన.

తెల్లవారింది. బండి వచ్చింది. నా ఆరు బస్తాలూ, వదిన ఆరు బస్తాలూ ఎక్కాయి. నాగరత్నం వదిన కొత్తచీర కట్టుకుని బండి ముందు కూర్చుని గుంటూరు వెళ్ళింది. మంచానున్న మనిషిని చూసుకోవడానికి మా అత్తయ్య పక్కింటికి వెళ్ళారు. నేను కొంగు నడుముకి బిగించి పెరట్లో తడికాయలు పల్చగా పరిచి నెరుపుతున్నాను.

సైకిల్ బెల్లు మోగింది. ఇంజనీరు. చేతిలో కాగితం, మొహంలో పెళ్ళికళ.

"అమ్మగారూ! మీకు దణ్ణం పెట్టాలి! నిన్న మా స్కీముకి మొదటి పెద్ద పరీక్ష. తక్కిన పదకొండు ఇళ్ళలోనూ ముప్పావుగంటకే స్విచ్చిలాపేశారు. మీ ఒక్క ఇంట్లోనే మోటారు దీపాలవేళ దాకా తిరిగిందటగా! కబురుకి తిరగడం, కబురుకి ఆగడం, ఒక్క పొల్లు పోలేదు! మీలాంటివాళ్ళు ఊళ్ళో ఇంకో పదిమంది ఉంటే..."

"ఓడరేవు కట్టుకోవచ్చు," అన్నాను. "బాబూ, ఆ కాగితం జేబులో పెట్టుకో. చొక్కా చేతులు మడుచుకో. ఆ మూలనుంచి నువ్వు నెరుపుకుంటూ రా."

ఆయన ఏదో అనబోయి, నా మొహం చూసి, గొంతుక్కూర్చున్నాడు. పాపం, సీమలో నేర్పని పనైనా బాగానే నెరిపాడు. పది నిమిషాలకి నుదుటి చెమట కంట్లోకి కారితే, ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాడు.

కేక విని మా ఆయన చెంబు పట్టుకుని వచ్చారు. నేను తొట్టిలో ముంచి ముంచి ఇంజనీరు కళ్ళ మీద కొట్టాను. నీళ్ళకి మాత్రం కొదవ లేదు.